కులం గడి సరే, భాష గడిలో ఏం రాయిస్తారు?

ఇది పొడుగు పోస్టు. తీరిక ఉన్నప్పుడే చదవండి. చదవకుండా చేతులు జోడించిన బొమ్మ మాత్రం పెట్టకండి, అది నాకు తెలిసిపోతుంది.

ఈ వారం మన సంఘం గ్రూపులో ఒకే మెసేజి పదకొండు సార్లు వచ్చింది. 2027 జనగణనలో కులం అడగబోతున్నారు కాబట్టి మనవాళ్లంతా కులం పేరు ఒకే రకంగా చెప్పాలి, ఉపకులం చెప్పకూడదు, ఇంటిపేరు చెప్పకూడదు, స్పెల్లింగు ఇదిగో ఇలా ఉండాలి, ఇంట్లో పెద్దవాళ్లకు ముందే నేర్పించి పెట్టండి, అని. మంచిదే. 1931 తర్వాత జనగణనలో అన్ని కులాల లెక్క బయటికి రాలేదు. ఇన్నేళ్లకు వస్తున్నప్పుడు జాగ్రత్త పడటంలో తప్పేమీ లేదు.

ఆ మెసేజిని నేను రెండు మూడు సార్లు చదివాను. వార్తలు రాసే ఉద్యోగం కదా, కాగితంలో ఉన్నది చదివాక లేనిది ఏమిటా అని వెతకడం అలవాటు. అందులో మాతృభాష అన్న మాటే లేదు. కులం అడిగే మనిషే, అదే గుమ్మంలో నిలబడి, మాతృభాష కూడా అడుగుతాడు. దాని గురించి ఒక్క వాక్యం లేదు.

జనగణన లెక్కలో మాతృభాష అంటే ఏమిటో ఎప్పుడైనా చూశారా? తాతముత్తాతల భాష అని కాదు. కులం భాష అని కాదు. ఒక మనిషి చిన్నతనంలో తల్లి ఆ మనిషితో మాట్లాడిన భాష. తల్లి పసితనంలోనే పోయి ఉంటే, చిన్నప్పుడు ఆ ఇంట్లో ఎక్కువగా మాట్లాడిన భాష. నిర్వచనం అంతే. చాలా సూటిగా ఉంది, తప్పించుకోవడానికి సందు లేదు.

ఇప్పుడు చెప్పండి. మన సంఘంలో పదేళ్లలోపు పిల్లలున్న ఇళ్లు ఎన్ని? వాటిలో తల్లి బిడ్డతో తెలుగులో మాట్లాడే ఇళ్లు ఎన్ని? నాకు తెలిసిన ఇళ్లను వేళ్ల మీద లెక్కపెట్టాను. రెండో చేయి అక్కర్లేకపోయింది. మిగతా ఇళ్లలో పిల్లల దగ్గరికి వచ్చేసరికి భాష గడిలో అబద్ధమైనా రాయించాలి, తమిళం అనైనా రాయించాలి. కులం గడి మాత్రం ఒక్క అక్షరం తప్పు లేకుండా నిండుతుంది.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, ముందే చెప్పేస్తాను. మనం తెలుగును కాపాడుకుంటున్నామని అనుకుంటున్నాం. మనం నిజంగా కాపాడుకుంటున్నది కులాన్ని. తెలుగు దాని మీద కప్పిన పట్టు కండువా. సభ రోజు తీసి వేసుకుంటాం, మళ్లీ మడిచి బీరువాలో పెడతాం.

కోపం వచ్చిన పెద్దలు ఇక్కడితో ఆపేయకండి. ఉదాహరణలు చెబుతాను, తర్వాత తిట్టండి.

2025 అక్టోబరు 9న అవినాశి రోడ్డు ఫ్లైఓవర్ తెరిచారు. గోల్డ్‌విన్స్ నుంచి ఉప్పిలిపాళెం దాకా 10.1 కిలోమీటర్లు. దానికి జి.డి.నాయుడు పేరు పెట్టారు. వీధుల పేర్లలోంచి కులం పేర్లు తీసేయాలని రాష్ట్ర ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చిన రోజులు అవి. అందుకని వంతెన పేరులో ‘నాయుడు’ ఉండాలా వద్దా అని రాష్ట్రమంతా వాదన లేచింది. ఆ పూట నేను డ్యూటీలో ఉన్నాను. ఒక చేత్తో వార్త పంపుతున్నాను, రెండో చేతిలో మన గ్రూపు మోగుతూనే ఉంది. సాయంత్రానికి రెండొందల మెసేజిలు. కొందరికి పట్టరాని సంతోషం, కొందరికి పట్టరాని ఆవేశం. ఆ ఒక్క మాట తీసేస్తే మనల్నే తీసేసినట్టు రాశారు.

జి.డి.నాయుడు గొప్పతనం మీద నాకు పేచీ లేదు. 1893లో కలంగల్‌లో పుట్టి, బడి చదువు పూర్తి చేయకుండానే యంత్రాలను విప్పి బిగించి తనంతట తాను నేర్చుకున్న మనిషి. బస్సులు నడిపాడు. 1937లో ఇక్కడే ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించాడు. ఈ ఊరు మోటార్ల ఊరు, పంపుల ఊరు అయిందంటే అందులో ఆయన చేయి ఉంది. అలాంటి మనిషి గురించి మనం రెండొందల మెసేజిలు పెట్టుకుంటే అందులో ఆయన మోటారు ఊసు లేదు, నేర్చుకున్న తీరు ఊసు లేదు. పేరు చివరి మాట మీదే యుద్ధమంతా.

ఆ రాత్రి నేను గ్రూపులో ఒక చిన్న విన్నపం పెట్టాను. ఆయన గురించి మన ఇంటి తెలుగులో నాలుగు మాటలు ఎవరైనా వాయిస్ మెసేజిగా పంపుతారా అని. వార్త కోసం కాదు, నాకోసమే అని కూడా రాశాను. మూడు వచ్చాయి. ఒకటి ‘సూపర్ పాపా’ అని. మిగతా రెండూ తమిళంలో.

ఇంకో ఉదాహరణ. 2024 నవంబరులో చెన్నైలో ఒక సభలో ఒక సినీ నటి తెలుగువాళ్ల పుట్టుక గురించి నోరు జారింది. కేసులు పడ్డాయి, చివరికి హైదరాబాదులో అరెస్టు కూడా అయింది. తప్పు మాటే, ఆ కోపం న్యాయమే. కానీ ఆ పది రోజులూ మన గ్రూపులో వచ్చిన మెసేజిలన్నీ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉన్నాయి. తెలుగువాళ్లకు జరిగిన అవమానం మీద మన కోపమంతా తమిళంలోనే పొంగింది. తమిళం మీద నాకు చిన్నచూపు లేదు. అన్నం పెట్టే భాష, నేను వార్తలు రాసే భాష, నా స్నేహితుల భాష. కానీ ఒక భాష కోసం కోపం తెచ్చుకుని, ఆ కోపాన్ని ఆ భాషలో రెండు వాక్యాలు చెప్పుకోలేకపోతే ఆ కోపం ఎవరి తరఫున?

ఇప్పుడు నా సొంత కథ. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారని మీలో చాలామందికి తెలుసు, బయోడేటా మీ ఫోన్లలో కూడా తిరిగింది. ఈమధ్య ఒక కుటుంబం వచ్చింది. మంచివాళ్లు. కులం చూశారు, ఇంటిపేర్లు కలవకుండా చూశారు, నక్షత్రం చూశారు, పొలం ఎక్కడుందో అడిగారు. అబ్బాయి తల్లి మా అమ్మతో ‘మాకు తెలుగు పిల్లే కావాల, వేరే ఇల్లు వద్దనేశాము’ అంది. నాకు ముచ్చట వేసింది. అబ్బాయితో మాట్లాడమని మేడ మీదికి పంపితే, ‘మీ అవ్వా తాతా ఉండారా, ఏ ఊళ్లో ఉండారు?’ అని అడిగాను. ఆయన రెండు క్షణాలు ఆగి, కొంచెం సిగ్గుపడి, తమిళంలో నిజం చెప్పాడు. అర్థమవుతుంది, మాట్లాడరాదు అని.

ఆ అబ్బాయి తప్పేమీ లేదు. అతనితో ఎవరూ మాట్లాడలేదు, అంతే. కానీ ‘తెలుగు పిల్ల’ అన్న మాటకు మన సంఘంలో అర్థం ఏమిటో ఆ రోజు నాకు తెలిసింది. తెలుగు మాట్లాడే పిల్ల అని కాదు, మన కులం పిల్ల అని. బయోడేటాలో ‘మాతృభాష: తెలుగు’ అన్న వరుస కూడా కులం వరుసకు రెండో కాపీ. మన తరం మొత్తానికి ఒక నినాదం పెట్టమంటే అదే పెడతాను. అర్థమవుతుంది, మాట్లాడరాదు. మా తర్వాతి తరానికి అందులో మొదటి సగం కూడా మిగలదు.

మనం చేస్తున్న భాషాసేవ ఏదైనా ఉందంటే ఫార్వర్డులు. ప్రపంచంలో రెండో ఉత్తమ లిపి తెలుగు అని ఒక బొమ్మ నెలకోసారి వస్తుంది. ఎవరు తేల్చారు, ఏ పోటీ, ఎవరు నిర్ణేతలు అని అందులో ఉండదు. పోయిన నెల దాన్ని పంపిన మామను ఫోన్ చేసి అడిగాను, ‘మామా, ఆ బొమ్మలో తెలుగులో ఏమి రాసుండారు, చదువు’ అని. ‘నాకు తెలుగు చదవను రాదు పాపా, నువ్వే చెప్పు’ అన్నాడు. ఆయనను ఎగతాళి చేయడానికి చెప్పడం లేదు. మా నాయన కూడా చదవలేడు. నేను కూడా కాలేజీ అయ్యాక, ఇరవై రెండేళ్ల వయసులో, యూట్యూబ్ చూసి అక్షరాలు దిద్దుకున్నాను. ఇప్పటికీ ఒత్తులు తప్పుతాను. కానీ చదవలేని లిపిని ప్రపంచంలో రెండోదని చాటడం, తాళం పోయిన ఇంటి ముందు నిలబడి లోపల ఎంత బంగారం ఉందో చెప్పడం లాంటిది.

ఇంకో ఫార్వర్డు, రాష్ట్రంలో సగానికి సగం మంది తెలుగువాళ్లే అని. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పినవాళ్లు సుమారు 42 లక్షలు. నూటికి 5.87 మంది. మనవాళ్లు చాలామంది తమిళం అని చెప్పేశారు కాబట్టి లెక్క తగ్గింది అంటారు. కావచ్చు. అప్పుడు ఆ తగ్గించింది ఎవరు? గుమ్మం దగ్గర నిలబడి ఆ జవాబు ఇచ్చింది మనమే కదా.

చట్టం వల్లే తెలుగు పోయింది అనే పెద్దలకు కూడా జవాబు చెప్పాలి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చింది. పదో తరగతి దాకా తమిళం మొదటి భాషగా తప్పనిసరి అయింది. అల్పసంఖ్యాక భాషల పిల్లలు మినహాయింపు కోసం హైకోర్టుకూ సుప్రీంకోర్టుకూ తిరగాల్సి వచ్చింది. ఆ బాధ నిజం. తెలుగు బళ్లలో చదివే పేద పిల్లలు నలిగిపోయారు, ఆ పోరాటంలో నేను వాళ్ల వైపే. కానీ మన సంఘంలో ఎవరి పిల్లలు ఆ బళ్లకు వెళ్లారు? మనం 2006 కంటే ఎంతో ముందే ఇంగ్లీషు బడి బస్సు ఎక్కించేశాం. రెండో భాషగా హిందీయో ఫ్రెంచో పెట్టాం, మార్కులు వస్తాయని. చట్టం బడిలోకి వచ్చింది. వంటింట్లోకి ఏ చట్టమూ రాలేదు. బిడ్డకు బువ్వ కలిపి పెట్టేటప్పుడు ఏ భాషలో కథ చెప్పాలో ఏ ప్రభుత్వమూ ఉత్తర్వు ఇవ్వలేదు.

మధురలో మా అమ్మ తరఫు వాళ్లున్నారు. వెళ్లినప్పుడల్లా తిరుమల నాయకుడి మహలు దగ్గరికి పిల్లల్ని తీసుకుపోతాం. మన రాజు కట్టించింది అని చెబుతాం, ఆ స్తంభాల దగ్గర ఫోటోలు తీసుకుంటాం. ‘మన’ అన్న ఆ మాటను కూడా తమిళంలోనే చెబుతాం. అదే మహలు చుట్టుపక్కల వీధుల్లో సౌరాష్ట్రులు ఉంటారు. వాళ్లూ ఎప్పుడో ఉత్తరం నుంచి వచ్చినవాళ్లే, మనలాగే. 2011 లెక్కలో దేశం మొత్తం మీద వాళ్ల భాష మాట్లాడేవాళ్లు సుమారు రెండున్నర లక్షలు. వాళ్లకు వెనక రాష్ట్రం లేదు. వాళ్ల భాషలో ఇరవై నాలుగు గంటల టీవీ ఛానెళ్లు లేవు, వారం వారం విడుదలయ్యే సినిమాలు లేవు. అయినా ఆ వీధుల్లో నడుస్తూ పోతే గుమ్మంలో కూర్చున్న తల్లి బిడ్డను ఆ భాషలోనే గదమాయించడం వినబడుతుంది. మనకు రెండు రాష్ట్రాలు, లెక్కలేనన్ని ఛానెళ్లు, వందల సినిమాలు. మనకు లేనిది ఆ గుమ్మంలో కూర్చున్న తల్లి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. దీన్ని రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో కోయంబత్తూరులో పారిశుద్ధ్య కార్మికుల ఆందోళన ఒకటి రాయడానికి వెళ్లాను. ఒప్పంద కార్మికులు, జీతం కోసం రోడ్డు మీద కూర్చున్నారు. ఎండ మండిపోతోంది. నేను తమిళంలో ప్రశ్నలు అడుగుతున్నాను, వాళ్లు తమిళంలో జవాబు చెబుతున్నారు. వెనక నుంచి ఒక పెద్దామె పక్కనామెతో అన్న మాట వినబడింది. ‘పాప ఎండలో నిలబడుండాది, కాసిన్ని నీళ్లియ్యి.’

అచ్చం మా అవ్వ గొంతు. అదే ‘ఉండాది’, అదే సాగదీత. నేను తిరిగి తెలుగులో మాట్లాడాను. ఆమె మొహం వెలిగిపోయింది. తన సంచిలోంచి నీళ్ల సీసా తీసి నాకివ్వబోతూ ‘మీదే ఊరు, మీరేమిటోళ్లు?’ అని అడిగింది. ఊరు చెప్పాను. కులం కూడా చెప్పాను, దాచడం ఎందుకని. అప్పటిదాకా చాచి ఉన్న చేయి వెనక్కి పోయింది. సీసా మళ్లీ సంచిలోకి పోయింది. పక్కనున్న పిల్లవాడికి ఇరవై రూపాయలు ఇచ్చి అంగడి నుంచి మూత తీయని సీసా తెప్పించింది. అప్పటిదాకా ‘పాపా’ అన్న మనిషి అక్కడి నుంచి ‘అమ్మణీ’ అంది.

ఆ రోజు ఆమెకు కూలి లేదు. ఆ ఇరవై రూపాయలు ఆమె ఎందుకు ఖర్చు పెట్టిందో మీకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. మన తాతల పొలాల్లో, మన గడపల ముందు, ఎన్ని తరాలుగా ఆమెకు ఆ పాఠం నేర్పామో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

అరుంధతీయులు. ఈ కొంగునాడులో వాళ్లలో చాలా ఇళ్లలో ఇంటి భాష తెలుగే. వాళ్లకు నేర్పించే సంఘం లేదు, కల్యాణ మండపం లేదు, ఉగాది సభ లేదు. రోడ్లు ఊడ్చి, కాలువలు దిగి, అద్దె గదుల్లో బతుకుతూ కూడా మనం వదిలేసిన మాటను వాళ్లు వదల్లేదు. 2009లో రాష్ట్రం వాళ్లకు ఎస్సీ కోటాలో 3 శాతం లోపలి వాటా ఇచ్చింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అలాంటి వర్గీకరణ చెల్లుతుందని తీర్పు చెప్పింది. ఆ రోజు నేను ఆఫీసులో ఆ వార్త రాశాను. రాస్తూ మన గ్రూపు తెరిచి చూశాను. ఈ రాష్ట్రంలో తెలుగు మాట్లాడే లక్షల మంది జీవితాలకు సంబంధించిన అంత పెద్ద వార్త మన తెలుగు గ్రూపులో ఒక్కరు కూడా పెట్టలేదు. ఆ రోజు గ్రూపులో ఉన్నవి ఒక పుట్టినరోజు, రెండు గుడ్‌మార్నింగులు, లిపి బొమ్మ.

మన వేదికల మీద ‘మేము 42 లక్షలం’ అని గర్జించేటప్పుడు ఆ 42 లక్షల్లో వాళ్లున్నారు. వాళ్లను తీసేస్తే ఆ అంకె అంత గట్టిగా పలకదు. లెక్కలో కావాలి, పంక్తిలో వద్దు. ఇది భాషాభిమానమా? ఒకసారి మన సమావేశంలో ఈ మాట మెల్లగా ఎత్తాను. ఒక పెద్దాయన నవ్వి, ‘వాళ్ల తెలుగు వేరు పాపా’ అన్నారు. నేను విన్నాను కదా మామా. వేరు కాదు. మా అవ్వ తెలుగే. తేడా ఒక్కటే, వాళ్ల మనవళ్లు ఇంకా మాట్లాడుతున్నారు.

అవ్వ మాట వచ్చింది కాబట్టి నా తప్పు కూడా ఒప్పుకోవాలి. మా అవ్వ 2021లో పోయింది. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి ఎంతమంది మంత్రులను, కలెక్టర్లను, పోలీసు అధికారులను రికార్డు చేశానో నాకే లెక్క లేదు. అన్నీ తేదీలతో సహా భద్రంగా ఉన్నాయి. అవ్వను కూర్చోబెట్టి పది నిమిషాలు కూడా రికార్డు చేయలేదు. ఆమె పంపిన వాయిస్ మెసేజిలు ఉండేవి. ఫోన్ మార్చినప్పుడు బ్యాకప్ పెట్టుకోలేదు, పాత ఫోన్ ఎక్స్ఛేంజిలో ఇచ్చేశాను, అన్నీ పోయాయి. మా చిన్నాన్న కూతురు ఫోన్‌లో ఒకే ఒకటి మిగిలింది. పద్నాలుగు సెకన్లు. వాన వచ్చేట్టుంది, గొడుగు ఎత్తుకోని పో, ‘బిన్నా రా పాపా’ అని.

బిన్నా అంటే తొందరగా అని. మీ ఇళ్లలో కూడా అనేవాళ్లు, గుర్తు తెచ్చుకోండి. ఒక రోజు ఊరికే ఆ మెసేజిని ఫోన్‌లోని తెలుగు వాయిస్ టైపింగ్‌కు వినిపించాను. అది ‘విన్నారా పాప’ అని రాసింది. మొదట నవ్వొచ్చింది. తర్వాత నవ్వు రాలేదు.

మన ఆఫీసుల్లో ఇప్పుడు అందరూ ఏఐ గురించే మాట్లాడుతున్నారు. శీర్షికలు అదే పెడుతుంది, అనువాదాలు అదే చేస్తుంది. దానికి తెలియని భాష లేదంటారు. కానీ యంత్రం మనుషులు రాసి పెట్టినదాన్నీ రికార్డు చేసి పెట్టినదాన్నీ వినే నేర్చుకుంటుంది. దానికి తెలిసిన తెలుగు హైదరాబాదు, విజయవాడ టీవీల తెలుగు, పత్రికల తెలుగు. కపిల తోలిన వాళ్ల తెలుగు, పత్తి చేలో కూలికి పోయిన వాళ్ల తెలుగు, మొగ్గం ముందు కూర్చున్న వాళ్ల తెలుగు దానికి ఎవరూ వినిపించలేదు. కేంద్ర ప్రభుత్వం 2022లో భాషిణి మొదలుపెట్టింది. మన రాష్ట్రంలోనే, ఐఐటీ మద్రాసులో, ఏఐ4భారత్ వాళ్లు తెలుగుతో సహా 22 భాషల్లో మనుషుల గొంతులు పోగు చేస్తున్నారు. ఆ పనులకు మన యాస కావాలంటే మన యాస ఎక్కడో ఒకచోట దొరకాలి కదా. యంత్రం మనల్ని మరిచిపోయిందని తిట్టడానికి నాకు నోరు రాలేదు. నేనే పద్నాలుగు సెకన్లు దాచాను.

చేయాలనుకుంటే సాధ్యం కాదా? కి.రాజనారాయణన్ గారిని చూడండి. కోవిల్‌పట్టి పక్కన ఇడైసేవల్‌లో తెలుగు ఇంట పుట్టినవారు. మన వలస కథను ‘గోపల్ల గ్రామం’ నవలగా తమిళంలో రాశారు, దాని తర్వాతి నవలకు 1991లో సాహిత్య అకాడమీ వచ్చింది. అదే మనిషి నల్లరేగడి నేల మీది తమిళ పల్లె మాటలన్నీ ఏరి నిఘంటువు చేశారు. ఊరి మాట విలువ అంత బాగా తెలిసినవాడు మన ఇంట్లోంచే వచ్చాడు. ఇటు పులికాట్ వైపు స.వెం.రమేశ్ గారు ‘ప్రళయకావేరి కథలు’ అక్కడి తెలుగులోనే రాశారు, తెలుగు రాష్ట్రాల వాళ్లు కూడా ఇష్టంగా చదివారు. మన తెలుగు మోటు తెలుగు, స్వచ్ఛం కాదు అని సిగ్గుపడి ఊరుకునే పని లేదు. ఆంధ్రా నుంచి చుట్టాలు వస్తే మనం నోరు మూసుకుంటాం చూడండి, మన మాటకు నవ్వుతారని. నవ్వితే నవ్వనివ్వండి. పిల్లల ముందు ఆ సిగ్గు చూపించడం వల్లే ఈ మాట సగం పోయింది.

తిట్టింది చాలు. పని చెబుతాను. నాలుగే.

మొదటిది, జనగణన మెసేజి. కులం పేరు ఎలా చెప్పాలో రాసినవాళ్లే కింద ఇంకో వరుస కలపండి. మాతృభాష గడిలో నిజం చెప్పండి అని. పెద్దవాళ్లకు తెలుగు అయితే తెలుగు అని గట్టిగా చెప్పండి, తడబడి తమిళం అనకండి. పిల్లలకు నిజంగా తమిళమే అయితే తమిళం అనే రాయించండి. అది రాయిస్తున్నప్పుడు మనసులో గుచ్చుకుంటే, ఆ గుచ్చుకోవడమే మనకు మందు. అబద్ధం రాయించి ఆ నొప్పి పోగొట్టుకోకండి.

రెండోది, రికార్డింగు. ప్రతి ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్లను పది నిమిషాలు మాట్లాడించండి. పెళ్లి ఎలా జరిగింది, బావిలో నీళ్లు ఎంత లోతున ఉండేవి, మిల్లులో పని ఎలా ఉండేది, ఏదైనా సరే. పేరు, ఊరు, పుట్టిన ఏడు మొదట చెప్పించండి. రెండు చోట్ల దాచండి. నాలాగా ఒక్క ఫోన్‌ను నమ్మకండి.

మూడోది, అక్షరాలు. మన మండపం ముహూర్తాలు లేని ఆదివారాల్లో ఖాళీగానే ఉంటుంది. ఉదయం గంటసేపు తెలుగు చదవడం, రాయడం. నేర్పడానికి నేను వస్తాను, ఒత్తులు తప్పినా సరే. పిల్లలతో పాటు లిపి బొమ్మ పంపిన మామ కూడా రావాలి, మా నాయన కూడా. కులం అడగకుండా, తెలుగు మాట్లాడే ఎవరి పిల్లలైనా వచ్చి కూర్చోవచ్చని బయట బోర్డు పెట్టాలి. ఆ బోర్డు పెట్టలేకపోతే క్లాసు వద్దు, నేను రాను.

నాలుగోది అందరికన్నా కష్టం. వచ్చే ఉగాదికి మన వీధులు ఊడ్చే ఆ తెలుగు కుటుంబాలను పిలవాలి. వేదిక ఎక్కించి శాలువా కప్పి ఫోటో తీసి పంపించేయడానికి కాదు. పంక్తిలో పక్కన కూర్చుని తినడానికి. మన పిల్లలు వాళ్ల పిల్లలతో తెలుగులో ఆడుకోవడానికి. ఈ ఊళ్లో మన పిల్లలకు తెలుగు నేర్పగల పిల్లలు ఇంకా ఎవరైనా ఉన్నారంటే వాళ్లే.

‘ఇవన్నీ జరిగే పనులు కావు, సంఘం చీలిపోతుంది’ అని ఒకరిద్దరు రాస్తారని తెలుసు. చీలితే చీలనివ్వండి అనను, ఈ సంఘం అంటే నాకూ ఇష్టమే. మా నాయనకు గుండె ఆపరేషన్ అయినప్పుడు రక్తం ఇవ్వడానికి ముందు వచ్చింది మన సంఘం కుర్రాళ్లే. నేను అడిగేది ఒక్కటే. ఇది కుల సంఘం అయితే నిజాయితీగా ఆ పేరే పెట్టుకుందాం, బోర్డు మీద తెలుగు తల్లి బొమ్మ తీసేద్దాం. తెలుగు సంఘం అయితే తెలుగు మాట్లాడేవాళ్లకు తలుపు తీద్దాం. రెండూ కావాలంటే ఆ తల్లి ఒప్పుకోదు. ఆమెకు ఆ పెద్దామె బిడ్డలు కూడా బిడ్డలే.

తెలుగు చదవరాని వాళ్ల కోసం ఈ పోస్టు మొత్తం నా గొంతుతో రికార్డు చేసి కింద పెడుతున్నాను, ఇరవై నిమిషాలు వస్తుంది. ఆదివారం క్లాసుకు పేర్లు కామెంటులో ఇవ్వండి. తమిళ లిపిలో రాసినా సరే, ఈ ఒక్కసారికి. మొదటి పేరు మా నాయనది, ఆయన్ను అడిగే రాస్తున్నాను.